అమ్మ లేవగలిగే ఊయల కుర్చీ: ఇప్పటిదాకా అయిన పని

అక్టోబర్ 12, 2025. మేడారం జాతర జనవరి 28న మొదలవుతుంది. మొక్కు ఉంది కానీ అమ్మ రానంటోంది. నడుములో ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ జరిగి నాలుగేళ్లయింది, మోకాళ్లు కూడా అరిగాయి. చెట్ల కింద టార్పాలిన్ కట్టుకుని రెండు రాత్రులు ఉండాలి. "కింద కూసుంటే మళ్ల లేవద్దారా?" అంటుంది. ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్దామంటే, అందులో అరగంట నిటారుగా కూర్చుంటే నొప్పి మొదలవుతుంది. పైగా అక్కడి జంపన్నవాగు ఇసుకలో దాని కాళ్లు దిగబడతాయి. మడిచి సంచిలో పెట్టుకునే క్యాంపింగ్ కుర్చీలు తేలికే కానీ చాలావరకు జానెడున్నర ఎత్తే ఉంటాయి. అందుకే వేలాడే కుర్చీ కుడదామనుకున్నాను.

మొదటిది వరంగల్ కొత్తవాడ జంపఖానాతో చేశాను. ఇంట్లో పాతది ఒకటుంది. పైన కంక బొంగు ముక్క, రెండు వైపులా తాడు, పెరట్లో వేపకొమ్మ. చూడ్డానికి బాగుంది. తూకం వేస్తే 2.7 కిలోలు. నెలాఖరులో మొంథా తుఫాను వానకు నానింది, రెండు రోజులు ఆరలేదు. అసలు ఇబ్బంది బరువు కాదు. అమ్మ కూర్చోగానే తుంటి కిందికి దిగి, మోకాళ్లు పైకి లేచి, వీపు గుండ్రంగా వంగిపోయింది. ఆమెను లేపడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది.

నవంబర్ 9. గుడ్డ మార్చాను. రిప్‌స్టాప్ నైలాన్ (చిరుగు పడినా పాకకుండా నేసే పల్చటి గుడ్డ), 140 సెంటీమీటర్ల పొడవు, 75 వెడల్పు. లంగా బొందుకు కుట్టే నేఫా లాగా పై అంచు మడిచి టైలర్‌తో మూడు వరసలు కుట్టించాను. ఆయన ఒక వరసే చాలన్నాడు, నేను వినలేదు. బొంగు బదులు 25 ఎంఎం అల్యూమినియం పైపు, 70 సెంటీమీటర్లు.

బరువు పరీక్షకు 25 కిలోల బియ్యం బస్తాలు వాడాను. మూడోది పెట్టగానే హార్డ్‌వేర్ షాపులో కొన్న ఎస్ కొక్కెం నెమ్మదిగా సాగి నిటారైపోయింది. బస్తా పగిలి పెరడంతా బియ్యం. అమ్మ ఏరుతూ, "గిదేందిరా, నిలువెత్తు బంగారం జోకుతున్నవా?" అంది. ఆ బంగారమంటే జాతరలో తూకం వేసి ఇచ్చే బెల్లం. నవ్వొచ్చినా, మనిషి కూర్చోకముందే తెలిసింది కదా అని ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పుడు 22 కేఎన్ (కిలోన్యూటన్లు, అంటే దాదాపు 2,200 కిలోల బరువు) అని ముద్ర ఉన్న కారాబైనర్ వాడుతున్నాను, కొండలెక్కేవాళ్లు వాడే స్ప్రింగు మూత కొక్కెం అది. తాళంచెవులకు తగిలించేవి అలాగే కనిపిస్తాయి కానీ బరువుకు పనికిరావు. ఇంకోటి: మోకాళ్లు నొప్పున్నవాళ్లు మెల్లగా కూర్చోలేరు, చివరి బెత్తెడు ధబ్‌మని పడతారు. ఒక్కసారిగా పడే బరువు తాడు మీద కనీసం రెట్టింపవుతుంది. అమ్మ 68 కిలోలు, కాబట్టి 150 మోయాలి. నాలుగు బస్తాలు గుడ్డలో కూర్చోబెట్టి, మిగతా రెండు పైపుకు అటూ ఇటూ కట్టి పది నిమిషాలు వదిలేశాను. ఆగింది.

నవంబర్ 23. ఆగింది కానీ దిగింది. 48 సెంటీమీటర్ల ఎత్తులో కట్టిన సీటు అమ్మ కూర్చున్న ఇరవై నిమిషాలకు 41కి వచ్చింది. తాడు నైలాన్‌ది, సాగుతుంది. ముడులు కూడా బిగుసుకున్నాయి. తాడు తీసేసి పాలిస్టర్ బెల్టు పెట్టాను, 38 ఎంఎం వెడల్పు. దానికి పది సెంటీమీటర్లకొక ఉచ్చు కుట్టించాను, ఎత్తు మార్చాలంటే ముడి విప్పక్కర్లేదు. చెట్టు బెరడు కూడా కోసుకుపోదు. మోకాలి ఎత్తు కన్నా సీటు రెండు వేళ్లు పైకి ఉంటేనే ఆమె లేవగలుగుతోంది. ఆ రెండు వేళ్ల కోసం నాకు రెండు ఆదివారాలు పట్టాయి.

వీపు వంగే సంగతి మాత్రం మా వీధిలో కల్లు కోసం తాటిచెట్లెక్కే గౌడ్ మామ తేల్చాడు. కుర్చీ చూసి, "గుడ్డంత ఒక్కతీరు గుంజితె ఎట్ల? మోకు యాడుంటది? నడుము కాడ" అన్నాడు. నిజమే, తాటిచెట్టు మీద ఆయన గంటసేపు వెనక్కి వాలి పని చేసేది చెట్టుకూ నడుముకూ చుట్టుకునే ఆ మోకు ఆసరాతోనే. గుడ్డ వెనక, బొడ్డుకు సరిగ్గా ఎదురుగా, బెత్తెడు వెడల్పు పట్టీ అడ్డంగా కుట్టించి, గుడ్డ కన్నా కొంచెం బిగువుగా లాగాను. సీటు కింద యోగా మ్యాట్ ముక్క రెండు మడతలు వేస్తే తుంటి దిగడం కూడా తగ్గింది. 1960ల్లో స్వీడన్ డాక్టర్ నాకెమ్‌సన్ డిస్క్‌లోకి సూది పంపి ఒత్తిడి కొలిచాడు. ఆసరా లేకుండా కూర్చుంటే నిలబడ్డప్పటికన్నా ఎక్కువ, నడుముకు ఆసరాతో వెనక్కి వాలితే తగ్గుతుంది. మామకు ఈ సంగతి చెప్తే, "గది చెట్టుమీదికెళ్లి చూస్తె తెల్వదా?" అన్నాడు.

డిసెంబర్ 7. ఊయల కుర్చీతో ఇంకో గండం, కూర్చోబోతే వెనక్కి జారుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు మరీ. ముందు మేకులు పాతి తాళ్లు కడితే కాళ్లకు తగిలి పడతారు. చివరికి కొమ్మ మొదట్లోనే వేలాడదీశాను, వెనక చెట్టు మొద్దు అడ్డం ఉంటుంది. కొమ్మ కూడా అక్కడే లావు. మొద్దు గుచ్చుకోకుండా మధ్యలో గొంగడి మడత. పైపు నుంచి ఛాతీ ఎత్తులో రెండు పిడి ఉచ్చులు వేలాడదీశాను, పట్టుకుని లేవడానికి.

డిసెంబర్ 21. బెల్టు, కారాబైనర్, మ్యాట్ ముక్క అన్నీ కలిపి 1,240 గ్రాములు. గొంగడి ఎలాగూ కప్పుకోవడానికి వస్తుంది, లెక్కలో వేయలేదు. జాతరలో సరైన చెట్టు దొరుకుతుందన్న నమ్మకం లేదని ఏడడుగుల కంక బొంగులు మూడు కట్టి చూశాను. బొంగుల కాళ్లు పక్కకు జారకుండా కింద చుట్టూ తాడు కడితే నిలబడ్డాయి. కానీ వెనక మొద్దు లేదు, కుర్చీ మళ్లీ జారుతోంది. వెనక రెండు బొంగుల మధ్య అడ్డకర్ర కట్టాలి, అది వచ్చే ఆదివారం.

ఈలోగా అమ్మ వేపచెట్టు దగ్గరి దాంట్లోనే నలభై నిమిషాలు కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచింది. కుక్కర్ విజిల్ వేస్తే ఉచ్చులు పట్టుకుని లేచి వెళ్లింది. నేను పక్కనే ఉన్నాను, నన్ను పిలవలేదు. గిన్నె మాత్రం కుర్చీలోనే వదిలేసింది.