ప్రతి గడిలోనూ 99

0 నుంచి 99 దాకా సంఖ్యలను స్ట్రింగులుగా, అంటే అక్షరాల గొలుసులుగా మార్చి ఒక అర్రేలో, అంటే వరసగా ఉన్న గళ్లలో పెట్టాలి. సీ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న కొత్తలో నాకు నేనే పెట్టుకున్న పని ఇది. మొదట ఆ మార్పిడి చేసే ఐటూఏ (itoa) అనే ఫంక్షన్ వాడాను. విండోస్‌లో నడిచిన ప్రోగ్రాం లినక్స్‌లో లింకింగ్ దగ్గర, అంటే వాడిన ఫంక్షన్ల కోడ్‌ను ప్రోగ్రాంకు జతచేసే దశలో ఆగిపోయింది. ఐటూఏ సీ ప్రమాణంలో లేదు, కొన్ని కంపైలర్లు సొంతంగా ఇస్తాయంతే. అది వదిలేసి, ప్రమాణంలోనే ఉండి అదే పని చేసిపెట్టే స్ప్రింట్‌ఎఫ్ (sprintf) పట్టుకున్నాను.

వంద క్యారెక్టర్ పాయింటర్లతో (అక్షరాలున్న చోటి అడ్రసును దాచుకునేవి) ఒక అర్రే, పక్కన అక్షరాలు రాసుకోవడానికి ఒకే ఒక బఫర్. లూప్ తిరిగిన ప్రతిసారీ సంఖ్యను బఫర్‌లోకి రాసి, ఆ బఫర్‌ను అర్రే గడిలో పెట్టాను. లూప్ లోపల ప్రింట్ చేస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లూప్ అయ్యాక చేస్తే వంద వరసల్లోనూ 99! మార్చడంలోనే ఏదో తప్పుందనుకుని ఆ సాయంత్రమంతా దాన్నే తిరగేశాను. చివరికి స్ట్రింగుల బదులు వాటి అడ్రసులు ప్రింట్ చేస్తే వందా ఒక్కటే. అర్రే నిండా ఉన్నది ఆ ఒక్క బఫర్ అడ్రసే. బఫర్‌లో ఆఖరున రాసింది 99.

ప్రతి స్ట్రింగుకూ సొంత చోటుండాలని రెండు కొలతల క్యారెక్టర్ అర్రేకు మారాను. వరసకు 3 బైట్లు: రెండంకెలు, చివర స్ట్రింగు అయిపోయిందని చెప్పే నల్ క్యారెక్టర్. బాగానే పనిచేసింది. అదే కోడ్‌కు మూడు వరసల అర్రేతో 100, 101, 102 ఇచ్చాను. మొదటి వరసలో 100101102 కనిపించింది! 100 తాలూకు నల్ పక్క వరసలో పడింది, దాని మీద 101 వచ్చి కూర్చుంది. ఆఖరి నల్ అయితే అర్రే దాటే పోయింది. ఇలాంటి తప్పు తెర మీద కనబడటం నా అదృష్టం, చాలాసార్లు కనబడదు.

ఇప్పుడు వరసకు 12 బైట్లు ఇస్తాను. 32 బిట్ల పూర్ణాంకాల్లో అతి చిన్నది -2147483648: పదంకెలు, మైనస్ గుర్తు, నల్. స్ప్రింట్‌ఎఫ్ బదులు, సీ99లో (1999 నాటి సీ ప్రమాణం) వచ్చిన, ఇచ్చిన సైజు దాటి రాయని ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్ వాడతాను. అది తిరిగిచ్చే విలువ నేనిచ్చిన సైజుకు సమానమైనా, ఎక్కువైనా స్ట్రింగ్ తెగిందన్నమాట.

తర్వాత మార్పిడి నేనే రాసి చూశాను. 10తో భాగించగా వచ్చిన శేషానికి 48 కలిపితే ఆస్కీలో, అంటే అక్షరాలకు సంఖ్యలిచ్చే పట్టికలో, ఆ అంకె వస్తుంది. అంకెలు వెనకనుంచి వస్తాయి కాబట్టి చివర తిరగెయ్యాలి. ఆ -2147483648 దగ్గర మాత్రం మళ్లీ చిక్కుపడ్డాను: గుర్తు మారిస్తే అదే టైపులో పట్టదు. అందుకే రుణసంఖ్యను అలాగే ఉంచి భాగిస్తున్నాను. శేషమూ రుణంగానే వస్తుంది, దాన్ని 48 లోంచి తీసేస్తే సరిపోతుంది.