మా వాడికి బంతి ఇవ్వరు

షికాగో శివార్లలో పెరిగే పిల్లలకి అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ బేర్స్ అంటే పిచ్చి ఉండటం మామూలే. అయితే మా వాడి చూపు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీద ఉండదు, అతని ముందు అడ్డుగా నిలబడే ఐదుగురి మీద ఉంటుంది. హైస్కూల్ టీమ్‌లో వాడిదీ అదే పని, లెఫ్ట్ గార్డ్, అంటే మధ్యలో ఉండే సెంటర్‌కి ఎడమ పక్కవాడు. మైక్‌లో వాడి నంబరు వినిపించిందంటే ఎదుటివాణ్ణి పట్టుకుని ఆపేసి హోల్డింగ్ ఫౌల్ చేశాడన్నమాట. తెనాలిలో ఉన్న మా అమ్మకి వీడియో పంపితే, "అంత బలంగా ఉన్నాడు, వాడికి బంతి ఇవ్వరట్రా?" అని అడిగింది. స్పెల్లింగ్ బీ కప్పయితే వాట్సాప్‌లో పెట్టొచ్చు. గార్డ్ ఏం సాధించాడని పెడతాం?

2024లో బేర్స్ క్వార్టర్‌బ్యాక్ కేలెబ్ విలియమ్స్‌ని తొలి సీజన్‌లోనే 68 సార్లు శాక్ చేశారు, అంటే బంతి విసిరేలోపే పడగొట్టారు. బేర్స్ 5 గెలిచి 12 ఓడింది. 2025 మార్చిలో జనరల్ మేనేజర్ రయన్ పోల్స్ ఆ ఐదుగురి లైన్ మధ్యలో ముగ్గురినీ ఒకేసారి మార్చేశాడు. కాన్సస్ సిటీ నుంచి జో థూనీ, లాస్ ఏంజెలెస్ రామ్స్ నుంచి జోనా జాక్సన్ ట్రేడ్‌లో, అంటే టీముల మధ్య మార్పిడిలో, గార్డులుగా వచ్చారు. సెంటర్‌గా అట్లాంటా నుంచి డ్రూ డాల్మన్‌ని తెచ్చుకున్నారు. ఉగాది రోజు కూడా మా ఇంట్లో పంచాంగం కంటే ఈ చర్చే ఎక్కువ నడిచింది.

"రెండు చివర్లా ఉండే టాకిల్స్‌ని వదిలేసి గార్డులకి ఇంత హడావిడా?" అన్నాను.

"పక్కనుంచి వస్తే క్వార్టర్‌బ్యాక్ ఒకడుగు ముందుకేసి తప్పించుకుంటాడు నాన్నా. మధ్యలోంచి మీదకొస్తే ఎక్కడికి పోతాడు?"

నాకు మాత్రం జాక్సన్ని తేవడమే తెలివైన పని అనిపించింది. కొత్త కోచ్ బెన్ జాన్సన్ దగ్గర డెట్రాయిట్‌లో ఆడినవాడు, ఆయన పద్ధతి తెలిసినవాడు. ముక్కూమొహం తెలియని ముగ్గురి మధ్య అలాంటివాడు ఒకడుండాలి.

స్కూల్ టీమ్‌కి ట్రేడులూ డబ్బులూ ఉండవు. ఆఫ్-సీజన్ అంటే తెల్లారకముందే వెయిట్స్, డజన్లకొద్దీ గుడ్లు. సాయంత్రాలు వంటింట్లో ఫ్రిజ్ నుంచి స్టవ్ దాకా మోకాళ్లు వంచి వెనక్కి జరుగుతుంటాడు. నేను దిండు పట్టుకుని మీదకి ఉరకాలి. పాదాలు దగ్గరికి వచ్చాయా, నా తోపుకే తూలిపోతాడు.

అసలు చిక్కు వేసవిలో వచ్చింది. మేం ఇండియా వెళ్లేది జూన్, జూలైల్లోనే. టీమ్ క్యాంపులూ అప్పుడే. ఐదుగురూ కలిసి అడుగేయడం అలవాటయ్యేది అక్కడే, వీడు లేకపోతే ఆ చోట ఇంకొకడు నిలబడతాడు. మామిడిపళ్ల మీద బెంగ పెట్టుకోకుండా టికెట్లు డిసెంబరుకి మార్చాం. నానమ్మకి చెప్పే పని వాడికే అప్పజెప్పాను. వచ్చీరాని తెలుగులో గార్డ్ పనంతా వివరించాడు.

"అంటే వెనకున్న పిల్లాణ్ణి ఎవరూ కొట్టకుండా చూస్తావన్నమాట. సర్లే, సంక్రాంతి దాకా ఉండి వెళ్దురుగాని" అంది.

జనవరి మొదట్లోనే స్కూలు తెరుస్తారని ఆవిడకి ఇంకా ఎవరం చెప్పలేదు.