సారు వదలని నెక్రోపోలిస్

కళాశాల జీవితం గురించి రెండు పేజీలకు మించకుండా రాసి పంపమని మన పూర్వ విద్యార్థుల సమ్మేళన సంచిక కమిటీ వారు కోరారు. ఉప్మా ఉద్యమం గురించి మడికొండ రాస్తాడు (మనం ఒకరినొకరం ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్లం కదా), వీడ్కోలు సభలో మైకు సంగతి పరకాల ఎలాగూ వదిలిపెట్టడు. అందువల్ల నేను కంప్యూటరు ల్యాబ్ సారు గురించీ, ‘యూపీఎస్ పరీక్ష’ పేరిట ఆదివారాలు ఆయన మనకు తెరిచి ఇచ్చిన గది గురించీ, ఆ గదిలో మనం ఆడిన హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ మూడో భాగం అనే కంప్యూటరు ఆట గురించీ మాత్రమే రాస్తున్నాను. మొదటి సంవత్సరం గురించి నా దగ్గర చెప్పుకోదగ్గది ఏమీ లేదు. రెండో సంవత్సరంలో రసాయనశాస్త్రం ఉండేదని మార్కుల జాబితా చూస్తే తెలిసింది.

న్యూ వరల్డ్ కంప్యూటింగ్ వారు 1999లో విడుదల చేసిన ఆ ఆట హన్మకొండకు ఎవరి సంచిలో చేరిందో అందరికీ తెలుసు కనుక ఆ పేరు ఇక్కడ రాయను. అప్పట్లో మనం ఆడిన మిగిలిన ఆటలన్నీ వేళ్ల వేగం మీద నడిచేవి, వాటిలో గిర్మాజీపేటను ఓడించడం ఎవరి తరమూ కాలేదు. ఇందులో మాత్రం ఒక్కొక్కరికి ఒక ఊరు, సైన్యాన్ని నడిపే హీరోలు, ఎవరి వంతు వారిది. ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు, ఒకే కంప్యూటరు ముందు నలుగురం కూర్చోవచ్చు, ఒకరు ఆడుతున్నంత సేపూ మిగతా ముగ్గురు నల్లబల్ల వైపు తిరిగి నిలబడాలి. పుస్తకాల బీరువా అద్దంలో తెర నీడ కనబడుతుందని కాజీపేట ఎన్నాళ్ల ముందే కనిపెట్టాడో గానీ, అతని హీరోలు ఎప్పుడూ మన సైన్యం బలహీనంగా ఉన్న దారినే ఎందుకు వచ్చేవారో ఆ బీరువాకు కాగితం అంటించిన తరువాతనే మనకు బోధపడింది.

సారు మొదట్లో తలుపు దగ్గర కుర్చీ వేసుకొని సోంపు నములుతూ పేపరు చదివేవారు. నాలుగో వారానికి పేపరు మడతపెట్టారు, ఆ పై వారానికి సుద్దముక్క పట్టారు. ఆటలో ఊరికి రాబడి తెచ్చే సిటీ హాలును దాని పై మెట్టయిన క్యాపిటల్‌గా మార్చడానికి పదివేల బంగారం కావాలి, దానివల్ల రోజుకు రెండు వేలుగా ఉన్న రాబడి నాలుగు వేలవుతుంది, అంటే పెట్టుబడి ఐదు రోజుల్లో తిరిగి వస్తుంది. ఇంత తేలిక లెక్కను ఆయన నల్లబల్ల మీద గీతలు కొట్టి మరీ వేసి, చొక్కా చేతికి అంటిన సుద్దపొడి దులుపుకుంటూ మన వైపు తిరిగి, “మరి ఆ పదివేలతోని కట్టకుండ సైన్యం కొంటే ఈ ఐదు రోజుల్ల ఎన్ని గనులు దొరుకుతయో ఆ లెక్క ఎవడు చేస్తడు?” అని అడిగిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. క్యాపిటల్‌కు ముందు కోట పూర్తిగా కట్టి ఉండాలి, ఊరికి రోజుకు ఒక్క కట్టడమే సాధ్యం, కలప గని ఇచ్చేది రోజుకు రెండంటే రెండు. ఉన్న కాస్త కలపను దేనికి వాడాలన్నదే అసలు ఆట అని ఆయన వాదన.

ఏడో రోజు విషయంలో ఆయన పట్టుదల మరీ ఎక్కువ. వారం మారిన ఉదయమే కొత్త సైనికులు పుట్టుకొస్తారు. కోట రెండో మెట్టు సిటడెల్ ఉంటే ఒకటిన్నర రెట్లు, చివరి మెట్టు కాజిల్ ఉంటే రెట్టింపు. కనుక ఆ కట్టడం ఏడో రోజు ముగిసేలోపు లేవాలి. “ఏడో దినం చూసుకో తమ్మీ, ఎనిమిదో దినం ఎవడైనా చూస్తడు” అని ఆయన అనని ఆదివారం లేదు. అంత జాగ్రత్తగా లెక్కలు వేసుకున్నాక ఆటలోని జ్యోతిష్కులు ప్లేగు మాసం ప్రకటించి ఊళ్లలోని సైనికుల సంఖ్యను సగానికి కోసేస్తే, మనం తలలు పట్టుకునేవాళ్లం, ఆయన పడిపడి నవ్వేవారు. కరెంటు పోయినా ఆయన నవ్వేవారు, ఎందుకంటే ఆట రోజురోజుకూ తనంతట తానే భద్రమయ్యేది.

ఆటలో లోపాలు లేవని నేను అనను, సారు అంతకంటే అనరు. మొదటి రెండు మూడు వారాలు, చేతిలో ఏమీ లేనప్పుడు, అది అద్భుతమైన ఆట. ఊళ్లు నాలుగైదు చేతికి వచ్చాక అది గుమాస్తా పని. గెలుపు ఎవరిదో తేలిపోయిన తరువాత కూడా, పెద్ద మ్యాపులో ఏ మూలనో దాక్కున్న ఆఖరి హీరోను వెతుకుతూ పూట గడపవలసి వచ్చేది. కంప్యూటరు ఎత్తు వేయడంలో మొద్దు. కఠినమైన స్థాయిలో దానికి ముందుగానే ఎక్కువ సొమ్ము ఇచ్చి ఆ తెలివితక్కువతనాన్ని కప్పిపుచ్చారు. భూమి మంత్రవిద్యలో నిపుణుడైన హీరో ఉంటే ఒక్క ‘స్లో’ మంత్రంతో శత్రుసైన్యమంతా నత్తనడక నడిచేది, ‘టౌన్ పోర్టల్’తో కోరుకున్న ఊరికి క్షణంలో చేరేవాడు. అంత బలం ఒకే విద్యకు కట్టబెట్టాక మిగతా మూడింటిని ఎవరు నేర్చుకుంటారు? ఇక ఇటుక బట్టీలో ఇటుకలు చేతులు మారినట్టు ఒక హీరో నుంచి మరొక హీరోకు సైన్యాన్ని అందిస్తూ ఒక్క రోజులోనే దేశమంతా దాటించే ఉపాయం ఉందే, అది నియమాల్లో ఉన్నా న్యాయంగా లేదని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

వీటన్నిటినీ మించినది నెక్రోపోలిస్, అంటే ఆటలో మనం ఎంచుకోగల పట్టణాల్లో చచ్చినవాళ్ల పట్టణం. యుద్ధంలో చచ్చిన శత్రువుల్లో నూటికి ముప్పై మంది దాకా అస్థిపంజరాలై లేచి తన వైపే చేరితే, గెలిచే కొద్దీ సైన్యం పెరిగే రాజును ఎవరు ఆపగలరు? ఈ అన్యాయం మీద పావుగంట ఉపన్యసించిన సారే తన వంతు రాగానే నెక్రోపోలిస్ తీసుకునేవారు. “లోపం తెలిసినోడే దాన్ని వాడాలె” అన్నది ఆయన సమాధానం. వేల అస్థిపంజరాలతో ఆయన సైన్యం మ్యాపు మీదికి వస్తే పరకాల బల్లమీద తల వాల్చి నిద్రపోయేవాడు.

ఆ తరువాత ఆటకు అదనంగా వచ్చిన రెండు అనుబంధ భాగాలూ ఈ చిక్కు తీర్చలేదు. మరయంత్రాలతో కూడిన ఫోర్జ్ అనే పట్టణాన్ని చేర్చాలని సంస్థ అనుకుంటే అభిమానులు గొడవ చేశారు. దాని బదులు కాన్‌ఫ్లక్స్ అనే పట్టణం వచ్చింది, ఇతరులకు వారానికి ఒకటి చొప్పున పుట్టే, అన్నిటికంటే పైదైన ఏడో అంచె ప్రాణి దానికి రెండు చొప్పున పుట్టి కొత్త తలనొప్పి తెచ్చింది. ప్రచురణ సంస్థ త్రీడీఓ 2003లో దివాలా తీసింది, హక్కులు యూబీసాఫ్ట్‌కు వెళ్లాయి. 2015లో వారు మెరుగులు దిద్ది అమ్మిన రూపంలో అనుబంధాలు రెండూ లేవు. 2011 నుంచి అభిమానులే విడుదల చేస్తూ వస్తున్న హార్న్ ఆఫ్ ది అబిస్ అనే అనుబంధం ఇప్పుడు నేను ఆడేది. అందులోని సముద్రపు దొంగల పట్టణం చాలా బాగుంది.

నా సంగతి అడిగిన వారికి: ఎనుమాముల మార్కెట్ సమీపంలో మిర్చి నిలవచేసే శీతల గిడ్డంగులు మూడు నడుపుతున్నాను, మూడోదాని అప్పు కిందటి ఏడాదితో తీరింది. సీజనులో బస్తాలు ఒకేసారి వచ్చిపడినప్పుడు ఏ గది ముందు నింపాలో నేను కాగితం మీద వేసే గీతలు చూసి మా అమ్మాయి నవ్వుతుంది. తను బెంగళూరులో కంప్యూటర్ ఆటలు తయారుచేసే చోట పనిచేస్తోంది. ఈ ఆటను తనకు నేర్పింది నేనే, ఇప్పుడు నన్ను ఓడిస్తున్నదీ తనే.

సమ్మేళనం రోజున మధ్యాహ్న భోజనాల తరువాత ఒక ఆట వేద్దామని మడికొండ, కాజీపేట, నేను నిర్ణయించుకొని సారుకు ఫోను చేశాము. చిన్న మ్యాపు, ఒక్కొక్క వంతుకు మూడు నిమిషాలు, హీరోల మధ్య సైన్యం చేతులు మార్చడం నిషిద్ధం అన్నాము. అన్నిటికీ సరేనన్నారు. అందరూ చీట్లు తీసి పట్టణం ఎంచుకోవాలన్నప్పుడు మాత్రం, “నాకు చీటీ ఎందుకు తమ్మీ, నాది ఎప్పుడో రాసి ఉన్నదే గదా” అన్నారు.