శాంటియాగో ఆ రాత్రి ఏం తిన్నాడు?

మా స్పెషల్ ఇంగ్లీష్ బ్యాచ్‌లో మేం 14 మందిమి. 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ' నవల కాపీలు క్లాసు మొత్తానికీ మూడే. గైడ్లు మాత్రం తలా ఒకటి. నవల చిన్నది, గైడే లావు. 1952లో లైఫ్ పత్రిక ఒకే సంచికలో నవలంతా అచ్చేస్తే రెండు రోజుల్లో 50 లక్షల కాపీలు పైగా చెల్లిపోయాయని, మరుసటేడు పులిట్జర్, 1954లో రచయిత హెమింగ్వేకి నోబెల్ వచ్చాయని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళం.

మాస్టారు స్లిప్ టెస్ట్ అన్నారు. నవల్లోని ముసలి జాలరి శాంటియాగో ఓడాడా, గెలిచాడా అన్న వ్యాసం బట్టీపట్టి వెళ్ళాం. ఆయన బోర్డు మీద ఒక్కటే ప్రశ్న రాశారు: 84 రోజులు ఒక్క చేపా పడక, 85వ రోజు వేటకు బయల్దేరే ముందు రాత్రి ముసలాయన ఏం తిన్నాడు?

గైడులో లేదు! నాకు లోపల సంబరం. ఆ మూడు కాపీల్లో ఒకటి సంపాదించి నవల నిజంగానే చదివినవాణ్ణి మరి. తినడానికేముందని, ఆయన దగ్గర వేట నేర్చుకున్న కుర్రాడు మనోలిన్ అడగడం, చేపతో వండిన పసుపన్నం ఉంది, తింటావా అని ముసలాయన అనడం బాగా గుర్తు. అదే రాసి అందరికన్నా ముందు కాగితం ఇచ్చేశాను.

సున్నా.

"పుస్తకంలో ఉంది సార్" అని పేజీ తీసి మరీ చూపించాను. "ఇంకో నాలుగు లైన్లు కిందికి చదువు" అన్నారు. చదివాను. అన్నం లేదు, చేపా లేదు. విసురువల తీసుకెళ్ళనా అని కుర్రాడు అడుగుతాడు, తీసుకెళ్ళమంటాడు ముసలాయన. ఆ వల ఎప్పుడో అమ్మేశారు. ఇద్దరికీ తెలుసు. రోజూ ఇవే మాటలు. ఆయన నిజంగా తిన్నది, టెర్రస్ అనే హోటల్ నుంచి కుర్రాడు రెండు గిన్నెల క్యారేజీలో తెచ్చినవి: నల్లచిక్కుడు గింజలు, అన్నం, వేయించిన అరటిపండ్లు, కాస్త కూర.

క్యారేజీ అని రాసింది ఒక్కడే. సముద్రపొడ్డునున్న ఉప్పాడ నుంచి బస్సులో వచ్చేవాడు. ఇంగ్లీషులో నోరు విప్పడని మేం వాణ్ణి ఏడిపించేవాళ్ళం. జవాబు కూడా తెలుగులోనే రాశాడు. పసుపన్నం ఎందుకు కాదో లేచి చెప్పమన్నారు మాస్టారు.

"వల అమ్ముకున్నోడింట్లో చేపలన్నం ఎక్కడిదండీ?" అన్నాడు. కాసేపాగి, "కుర్రోడికీ తెలుసండి. అడక్కపోతే ముసలోడు చిన్నబోతాడని అడుగుతున్నాడు."

క్లాసులో ఎవరూ నవ్వలేదు. ముసలాయనకు చివరికి పడ్డ పెద్ద చేపని మార్లిన్ మార్లిన్ అని రాసుకుంటున్నామే, అది వాళ్ళ కొమ్ముకోనామేనని కూడా ఆ రోజు వాడే చెప్పాడు. అప్పటిదాకా 18 అడుగుల చేప నాకు గైడులో ఒక అంకె.

మరోసారి చివరి పేజీ మీద అడిగారు. ఒడ్డున తేలుతున్న పొడవాటి వెన్నెముకను చూసి టూరిస్టు ఆవిడ అదేమిటంటుంది. సొరచేపలు ఆ మార్లిన్‌ని ఎలా తినేశాయో చెప్పబోతాడు వెయిటర్, వచ్చీరాని ఇంగ్లీషులో. ఆవిడ అది సొరచేప అస్థిపంజరమే అనుకుని, సొరలకు ఇంత అందమైన తోకలుంటాయని తెలీదే అంటుంది. "ఈ టెస్టులో ఫెయిలైంది మీరొక్కరే కాదర్రా" అన్నారు మాస్టారు.

యూనివర్సిటీ పరీక్షలో మాత్రం 'కోడ్ హీరోగా శాంటియాగో' వచ్చింది. కోడ్ హీరో అంటే ఓటమిలోనూ నిబ్బరం వదలని హెమింగ్వే మార్కు నాయకుడు. గైడులో మూడో వ్యాసం. ఆ పేపర్లో నాకు 64 మార్కులు, ఉప్పాడ వాడికి 38.

తర్వాత నేనూ ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే బతికాను. ఆ నవల సిలబస్‌లో ఉన్నన్నాళ్ళూ ఇదే ప్రశ్న ఇచ్చేవాణ్ణి. పసుపన్నం అని రాసినవాళ్ళకి సున్నా వెయ్యడానికి చెయ్యి రాక, అర మార్కు వేసేవాణ్ణి.