అట్ట అంచులు కత్తిరించకండి

"ఈమె మా నాయనమ్మగారి అమ్మ. ఎప్పటి ఫోటోనో చెప్పగలవా?" అంటూ మైలాపూరులో అత్తయ్య పెట్టె తెరిచారు.

ముఖం కంటే ముందు అట్ట చూశాను. మందపాటి అట్ట, వెడల్పు సుమారు నాలుగుంపావు అంగుళాలు, ఎత్తు ఆరున్నర. కేబినెట్ కార్డు, అంటే అట్టకు అతికించి ఇచ్చే పాతకాలపు స్టూడియో ఫోటో! 1866లో వాడుకలోకి వచ్చిన కొలత, అంతకు ముందుది అయ్యే వీలే లేదు.

తర్వాత రవిక. భుజం దగ్గర బుట్టలా ఉబ్బి, మోచేతి కింద బిగిసిన చేతులు. ఐరోపాలో 1890ల నడుమ ఊపందుకున్న ఫ్యాషన్ అది. మద్రాసులో ఆ కాలానిదో, ఇంకాస్త తర్వాతిదో అయి ఉండాలి. ఎంత తర్వాత అన్నది రవిక ఒక్కటే తేల్చలేదు. మంచి బట్టలను ఏళ్ల తరబడి దాచుకుని తొడుక్కునేవారు కదా.

"అయితే పెళ్లయిన కొత్తలోదే!" అన్నారు అత్తయ్య, వెలిగిపోతూ.

పక్కనే ఇంకో ఫోటో. ఫ్రేములో పట్టలేదని ఎవరో అట్ట అంచులు కత్తిరించేశారు. ప్రాణం ఉసూరుమంది. స్టూడియో పేరు, ఊరు సాధారణంగా అచ్చు వేసేది ఆ కింది అంచు మీదే.