పోస్టు డబ్బా మీద ఏ పేరు రాయాలి? జర్మనీలో నా మొదటి నాలుగు నెలలు

మా పెదనాన్న కొడుకు పెళ్లికని రెండు వారాల సెలవు మీద మొన్న శనివారం బెంగళూరు వచ్చాను. మారతహళ్లిలో ఇంటికి చేరిన దగ్గర్నుంచి పలకరించడానికి వచ్చిన వాళ్లంతా అడుగుతున్నవి రెండే: చలి ఎలా ఉంది, తిండి ఎలా ఉంది. చలికి కోటు ఉంది. బియ్యం, కందిపప్పు అక్కడి ఏషియన్ షాపులో దొరుకుతాయి, గోంగూర పచ్చడి అమ్మ కట్టిచ్చింది. నన్ను ఏడిపించింది ఈ రెండూ కాదు. నా పేరు. ఇంకా మంట చల్లారకముందే రాసేస్తున్నాను. మన వాళ్లు చాలామందికి ఇదే గతి పడుతుందని నాకు గట్టి నమ్మకం.

ప్రయాణానికి ముందు పనులన్నీ సులువుగానే అయ్యాయి. ఇందిరానగర్‌లోని మాక్స్‌ముల్లర్ భవన్‌లో జర్మన్ ఏ2 దాకా, అంటే రెండో మెట్టు దాకా, నేర్చుకున్నాను. వీసా కూడా ఇబ్బంది లేకుండా వచ్చింది. ఫిబ్రవరి మొదటి వారంలో ఉద్యోగం కోసం తూర్పు జర్మనీలో ఒక మధ్యరకం ఊళ్లో దిగాను.

ఇక పేరు సంగతి. మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. నాన్న పని కోసం ఇక్కడికి వచ్చేశారు, నేను పుట్టి పెరిగింది బెంగళూరులోనే. నా పేరులో రెండు మాటలు: ఒకటి అమ్మమ్మ పేరు, రెండోది మా ఇలవేల్పు పేరు. ఇంటిపేరు బడిలో ఒక్క ఇంగ్లీషు అక్షరంగా మారి పేరు చివరకు చేరింది. ఎస్‌ఎస్‌ఎల్‌సీ (పదో తరగతి) మార్కుల కార్డులోనూ అంతే. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు ఒప్పుకోరు కాబట్టి, అప్లికేషన్ నింపిన సైబర్ సెంటర్ అబ్బాయి ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, రెండు మాటలూ పేరు గడిలో కొట్టేశాడు. "ఏం కాదక్కా, చాలామందికి ఇలాగే ఉంటుంది" అన్నాడు. ఏడేళ్లు నిజంగానే ఏమీ కాలేదు.

అక్కడ ఇల్లు కంపెనీ వాళ్లే చూపించారు. డిపాజిట్ మూడు నెలల అద్దెకు మించి అడగకూడదని అక్కడ చట్టం ఉంది. ఇక్కడ పది నెలల అడ్వాన్సు కట్టిన నాన్న ఫోన్‌లో రెండుసార్లు అడిగి మరీ నమ్మారు. ఓనర్ ఇచ్చిన ఫారంలో కుటుంబం పేరు అని ఒక గడి ఉంది. అది చూడగానే మా తాతలనాటి ఇంటిపేరు సంతోషంగా నిండా రాశాను, పక్కన అమ్మమ్మ పేరు ఒక్కటే రాశాను. ఆ పేరే అగ్రిమెంటులోకి, పోస్టు డబ్బా మీదికి, కాలింగ్ బెల్ మీదికి ఎక్కింది.

జర్మనీలో ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసులో మన చిరునామా నమోదు చేయించుకోవాలి. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఆలస్యమైతే 1,000 యూరోల దాకా జరిమానా వేసే అధికారం వాళ్లకుంది. ఈ మనిషి మా ఇంట్లో ఉంటోందని ఓనర్ సంతకం పెట్టిన కాగితం కూడా చూపించాలి. అన్నీ ఫైల్లో పెట్టుకుని, అపాయింట్‌మెంట్‌కి ఇరవై నిమిషాలు ముందే వెళ్లి కూర్చున్నాను.

కౌంటర్లో ఆవిడ ఓనర్ కాగితం ఒక చేత్తో, పాస్‌పోర్టు ఒక చేత్తో పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈ కాగితంలో ఉన్న మనిషి ఎవరు?"

"నేనే."

"ఈ పేరు పాస్‌పోర్టులో ఎక్కడుంది?"

మా ఇంటిపేరు అని చెప్పాను. మీ నాన్నగారిదా అని అడిగింది. అవునన్నాను. మరి నీకెందుకు లేదు అంది. నా ఏ2 జర్మన్‌తో బ్రెడ్డు కొనగలను, ట్రామ్ ఎక్కగలను. మన ఇంటిపేరు ముందు వస్తుందని, కర్ణాటకలో అది పొట్టిదై వెనక్కి పోతుందని, పాస్‌పోర్టులో అసలే మాయమైందని చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. ఇంగ్లీషులో మొదలుపెడితే ఇక్కడ ఆఫీసు భాష జర్మన్ అని ఆపేసింది. పక్క కౌంటర్ ఆయన్ని పిలిచి చూపించింది, ఆయన నవ్వాడు. తర్వాత ఆవిడ అడిగిన మాట నాకు బాగానే అర్థమైంది: వేరే ఎవరి పేరు మీదో తీసుకున్న ఇంట్లో ఓనర్‌కి తెలియకుండా ఉంటున్నావా?

ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, తొమ్మిది నెలల పిల్ల నుంచీ మోస్తున్న పేరు నాదేనని నిరూపించుకోలేక, నా కాగితాలు నేనే ఏరుకుని బయటికొచ్చాను. తర్వాతి అపాయింట్‌మెంట్ ఐదు వారాలకు దొరికింది. ట్రామ్ స్టాపులో కూర్చుని నాన్నకు ఫోన్ చేశాను. ఆయన ఒకటే మాట అన్నారు, "తప్పు నాది తల్లీ, ఆ రోజు నేనే దగ్గరుండి రాయించి ఉండాల్సింది." ఆ మాటకు ఇంకా ఏడుపొచ్చింది.

అక్కడితో అయిపోలేదు. రెండు వారాలు గడిచినా ఇన్సూరెన్స్ కార్డు రాలేదు, బ్యాంకు కార్డు రాలేదు. పంపామని వాళ్లంటారు, నా డబ్బా ఖాళీ. విషయం చెప్పింది ఆఫీసులో పనిచేసే కర్నూలు అక్క. జర్మనీ చిరునామాల్లో ఫ్లాట్ నంబర్ సాధారణంగా ఉండదు. వీధి పేరు, బిల్డింగ్ నంబర్, అంతే. పదహారు డబ్బాల్లో మనది ఏదో పోస్ట్‌మ్యాన్‌కి తెలిసేది దాని మీదున్న పేరును బట్టే. ఫలానా గుడి ఎదురుగా, ఫలానా బేకరీ పక్కన అని రాసి, కింద ఫోన్ నంబర్ వేసే మనకు ఇది తట్టనే తట్టదు. ఉత్తరాలు నా పాస్‌పోర్టు పేరుతో వస్తున్నాయి, డబ్బా మీద ఇంటిపేరుంది. అలాంటి మనిషి ఇక్కడ లేదని అన్నీ వెనక్కి పంపేశారు.

ఆ రాత్రే కాగితం మీద నా రెండు పేర్లూ రాసి అంటించాను. మర్నాటికి కేర్‌టేకర్ పీకేశాడు, బిల్డింగ్ అందం చెడుతుందట. మళ్లీ అంటించాను, మళ్లీ పీకేశాడు. కాగితం మార్చి ఇవ్వమని ఓనర్‌కి మర్యాదగా జర్మన్‌లో మూడు మెయిల్స్ రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. చివరికి మా హెచ్‌ఆర్ ఆవిడ ఒక్క ఫోన్ చేసింది, పది నిమిషాల్లో కొత్త కాగితం మెయిల్‌కి వచ్చింది, సాయంత్రానికి డబ్బా మీద కొత్త పేరు పడింది. పది నిమిషాల పనికి నన్ను నెల రోజులు తిప్పిన ఆ మనిషిని నేను క్షమించలేదు. కొత్తగా వెళ్లేవాళ్లు మెయిల్స్ రాస్తూ కూర్చోవద్దు. జర్మన్ బాగా వచ్చినవాళ్ల చేత మొదటిరోజే ఫోన్ చేయించండి.

రెండోసారి నమోదు పదిహేను నిమిషాల్లో అయింది. రెండు మాటలూ కుటుంబం పేరు గడిలో పెట్టి, సొంత పేరు గడిలో ఒక గీత పెట్టారు. మరో రెండు వారాలకు పన్ను ఆఫీసు నుంచి 11 అంకెల నంబర్ ఉత్తరంలో వచ్చింది. అది వచ్చేదాకా మా కంపెనీ ఆరో క్లాసులో పన్ను కోసింది. అన్నిటికంటే ఎక్కువ కోత పడేది ఆ క్లాసులోనే. రెండు నెలలు కర్నూలు అక్క దగ్గర అప్పు తీసుకుని గడిపాను. మూడో నెల జీతంలో ఎక్కువ కోసిందంతా తిరిగొచ్చింది, అదే రోజు అప్పు తీర్చేశాను.

మిగతావి అలవాటైపోయాయి. ఆదివారం షాపులుండవు, శనివారమే కొనుక్కోవాలి. గాజు సీసాలు ఆదివారం డబ్బాలో వేస్తే చప్పుడని పక్కింటివాళ్లు కోప్పడతారు. ప్లాస్టిక్ సీసాలు వెనక్కిస్తే చాలావాటికి 25 సెంట్లు ఇస్తారు, పారేయకండి. నెలకు 18.36 యూరోలు కట్టమని రేడియో, టీవీ వాళ్ల ఉత్తరం వస్తే మోసం అనుకోకండి. ఇంట్లో టీవీ లేకపోయినా ఇంటికింత అని కట్టాల్సిందే.

నాకు ఎవరి మీదైనా ఎక్కువ కోపం ఉందంటే, "నాకు జరగలేదు, నీకూ ఏం కాదు" అని వాట్సాప్‌లో ధైర్యం చెప్పేవాళ్ల మీద. బయల్దేరే ముందు నేను గ్రూపులో అడిగాను, నలుగురు అదే చెప్పారు. వాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఉంది. ఈ నాలుగు నెలల్లో కొత్తగా వచ్చిన ముగ్గురు తెలుగు పిల్లలకు నేనే దగ్గర కూర్చుని ఇంటి ఫారాలు నింపించాను. పాస్‌పోర్టులో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా రాయించాను. ముగ్గురికీ మొదటిసారే నమోదైంది. అది నాకు ప్రమోషన్ కంటే ఎక్కువ.

మా చెల్లి వచ్చే ఏడాది మాస్టర్స్‌కి అక్కడికే వస్తానంటోంది. దానికింకా పాస్‌పోర్టు లేదు. నేను రాకముందే నాన్న దాని ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా చేర్పించి పెట్టారు. నిన్న ముగ్గురం లాల్‌బాగ్ రోడ్డులోని పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్లాం. ఫీజు 1,500 రూపాయలు ముందే ఆన్‌లైన్‌లో కట్టేశాం. ఈసారి అప్లికేషన్ సైబర్ సెంటర్లో కాదు, ఇంట్లోనే నింపాను, నాన్న పక్కన కూర్చుని ఒక్కో అక్షరం చదివారు. లోపల గంటన్నరలో పనైపోయింది. చెల్లి రసీదు పట్టుకుని బయటికొస్తే నాన్న కళ్లజోడు పెట్టుకుని ఇంటిపేరు గడి చూశారు, తర్వాత నా చేతికిచ్చి నన్నూ చూడమన్నారు. సరిగ్గానే ఉంది. పోలీసు వెరిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నాం.