గంటకోసారి మంచం దగ్గరికి

శ్రీకాకుళంలో మా వార్డు సిస్టర్లకు ఈ వారం రౌండ్స్ ట్రైనింగ్ ఇస్తున్నాను. పగలు గంటకోసారి, రాత్రి 2 గంటలకోసారి, ఎవరూ పిలవకపోయినా ప్రతి మంచం దగ్గరికీ వెళ్లాలి. నొప్పి ఉందా, బాత్‌రూమ్‌కి వెళ్లాలా, పక్కకి తిప్పాలా, నీళ్ల సీసా చేతికి అందుతోందా అని అడగాలి.

ఉద్దానం నుంచి వచ్చిన ఒక మామ్మని "ఏటి కావాలి మామ్మా?" అని అడిగితే "ఏటీ వద్దమ్మా" అంది. మన పెద్దోళ్లు అంతే, నోరు తెరిచి అడగరు. సిస్టర్ అక్కడితో ఆగకుండా దుప్పటి తీసి చూసింది. మడమ ఎర్రగా కందిపోయి ఉంది, ఒత్తిడి పుండు మొదలయ్యే గుర్తు అది! వెంటనే పిక్క కింద దిండు పెట్టి, మడమ పరుపుకి తగలకుండా చేసింది. ఎంత గర్వంగా అనిపించిందో!

స్టాఫ్ తక్కువ, టెన్షన్ ఎక్కువ, నిజమే. అయినా రేపటి నుంచి నైట్ డ్యూటీ వాళ్లకి కూడా మొదలుపెడుతున్నాం.